కాటా చీటీ మీద ఒక్క పేరే ఉంటుంది

ఒక ఫ్యాక్టరీలో ఎంతమంది పనిచేస్తున్నారన్న ప్రశ్నకు బేరమాడి జవాబు తెచ్చిన మొనగాణ్ణి ఈ దేశంలో నేనొక్కణ్ణే అయ్యుంటాను. యజమాని ముప్పై ఒకటి అన్నాడు. నేను కళ్ళారా చూసింది డెబ్భైకి పైనే. అరగంటలో, రెండు కాఫీలతో, నలభై ఆరు దగ్గర బేరం తెంచాను. ఆ సాయంత్రం పంటు మీద గోదావరి పాయ దాటుతూ, మా నాన్న బతికుంటే ఎంత మురిసిపోయేవాడో అనుకున్నాను కూడా.

పెనుగొండలో మాది కిరాణా కొట్టు. చింతపండు దగ్గర్నుంచి జీడిపప్పు దాకా, ధర చెప్పడం, తగ్గించినట్టు కనపడటం, చివరికి మనం ముందే అనుకున్న చోటికి తీసుకురావడం నాకు పలక పట్టకముందే వచ్చు. ఆ విద్యతోనే రాజమండ్రిలో సర్వే ఆఫీసులో ఇన్వెస్టిగేటర్‌గా చేరి, దానితోనే రిటైరయ్యాను. మొన్న ఆ ఉద్యోగంలో కొత్తగా చేరిన అమ్మాయి ఒకతి, చేతిలో ట్యాబుతో ఇంటికొచ్చి, "ఫీల్డులో ఎలా ఉండాలో చెప్పండి సార్" అంది. ప్రమోషన్ల సంగతీ, టీఏ బిల్లుల సంగతీ ఎవరైనా చెబుతారు. నేను మాత్రం ఈ నలభై ఆరు సంగతి చెప్పాను. అదే ఇక్కడ రాస్తున్నాను.

మచ్చు

ముందు ఈ పని ఏమిటో చెప్పాలి. దేశంలో పరిశ్రమలు ఎంతమందికి పని ఇస్తున్నాయి, వాళ్ళకి ఎంత గిట్టుతోంది అన్నది తెలుసుకోవడానికి ప్రభుత్వం ఏటా సర్వే చేస్తుంది. పెద్ద ఫ్యాక్టరీలన్నిటికీ వెళతారు. చిన్నవాటిలో కొన్నింటినే ఎంచుతారు. మా కొట్లో బియ్యం బస్తాలోకి ఇనప గొట్టం గుచ్చి గుప్పెడు మచ్చు తీసేవాళ్ళం. ఆ గుప్పెడు చూసి బస్తా ధర కట్టేవాళ్ళం. ఇదీ అంతే. మనం వెళ్ళిన చిన్న ఫ్యాక్టరీ దానికోసమే కాదు, మనం వెళ్ళని మరికొన్నిటి తరఫున కూడా జవాబు చెబుతుంది. అక్కడ ఒక మనిషిని వదిలేస్తే, పైన లెక్కలో పోయేది ఒక్క మనిషి కాదు.

మా కాగితంలో మనుషుల్ని తలలుగా కాక, పనిదినాలుగా రాస్తాం. ఏడాదిలో ఎవరెవరు ఎన్నెన్ని రోజులు పనిచేశారో అంతా కలిపి, ఫ్యాక్టరీ నడిచిన రోజులతో భాగిస్తే సగటున రోజుకి ఎంతమందో వస్తుంది. ఇచ్చిన కూలి మొత్తాన్ని ఆ పనిదినాలతో భాగిస్తే ఒక మనిషి రోజు సంపాదన వస్తుంది. రెండూ ఒకే తాడుకి రెండు కొసలు. మనుషుల్ని తగ్గిస్తే సంపాదన పెరిగినట్టు కనపడుతుంది. ఇది అర్థమైతే సగం ఉద్యోగం వచ్చినట్టే. మిగతా సగం, మనిషంటే ఎవరో తెలుసుకోవడం.

నిబంధన స్పష్టంగానే ఉంది. నేరుగా పెట్టుకున్నా, మేస్త్రి ద్వారా వచ్చినా, కూలి చేతికందినా అందకపోయినా, అక్కడ పనిచేసే ప్రతి మనిషినీ రాయాలి. మొదట్లో మండపేట వైపు ఒక రైసు మిల్లులో బస్తాలు మోసే ముఠావాళ్ళని అడిగితే వాళ్ళ పెద్ద నవ్వేశాడు. "మేం మిల్లు మనుషులం కాదండి, మేస్త్రి మనుషులమూ కాదండి. బస్తా ఎక్కడుంటే అక్కడి మనుషులం." భలే చెప్పాడని ఆఫీసుకొచ్చి అందరికీ చెప్పి నవ్వించాను. మా సూపరింటెండెంట్ ప్రకాశరావు గారు నవ్వలేదు.

"బావుందయ్యా శేషగిరీ. మరి వాళ్ళని ఏ గడిలో రాశావ్?"

"రాయలేదండి."

"నవ్వించినందుకైనా రాయాల్సింది."

ఆయన లూథరన్ బడి పంతులుగారి అబ్బాయి. గొంతు పెంచేవారు కాదు. కాగితం వెనక్కి తిప్పి బల్ల మీద నా వైపు జరిపేవారు, అంతే. మళ్ళీ మండపేట బస్సెక్కాలని దానర్థం.

డెబ్భై నాలుగు పొట్లాలు

నేను బేరమాడిన ఫ్యాక్టరీ కోనసీమలో ఒక జీడిపప్పు ఫ్యాక్టరీ. ఊరి పేరూ, యజమాని అసలు పేరూ ఇప్పుడు కూడా చెప్పకూడదు. సూర్యనారాయణ గారనుకుందాం. మర్యాదస్థుడు. కుర్చీ తుడిచి వేసి, పళ్ళెంలో వేయించిన గుండు పప్పు పెట్టాడు. జీడిపప్పులో గుండెంత, బద్దెంత, ముక్కెంత అన్నది కళ్ళు మూసుకుని వేళ్ళతో చెప్పగలిగిన వంశం మాది. అది గుండు అవడానికి వెనక ఎవరి వేళ్ళున్నాయో మాత్రం అంతవరకు చూడలేదు.

వెనక షెడ్డులో ఆడవాళ్ళు నేలమీద వరసగా కూర్చుని, చిన్న కత్తులతో పప్పు మీది పొట్టు తీస్తున్నారు. వేళ్ళకి బూడిద పూసుకున్నా జీడి నూనె తినేసి చర్మం నల్లగా పెచ్చులు లేస్తోంది. సాయంత్రం కాటా వేసి, కేజీకింతని కూలి. తూకం రాసిన చీటీని కాటా చీటీ అంటారు. రిజిస్టర్లో ముప్పై ఒక్క పేర్లు, ముప్పై ఒక్క చీటీలు. షెడ్డులో చూస్తే ఒక్కో చీటీ చుట్టూ ఇద్దరు, కొన్నిచోట్ల ముగ్గురు.

గుమ్మం దగ్గర కూర్చున్న పెద్దావిడ పేరు నాగరత్నం. పక్కన కోడలు సత్యవతి. నేను వంగి అడిగాను.

"ఏమ్మా, ఒక మనిషి రోజుకి ఎన్ని కేజీలు తీస్తారు?"

"చెయ్యి బావుంటే ఆరండి. ఇదైతే ఏడు తీస్తది," అంది కోడల్ని చూపించి. "ఇది రాకముందు నా చీటీ చూసి కాటా గుమస్తా మొహం తిప్పుకునేవోడు. ఇప్పుడు కుర్చీలోంచి లేత్తాడు."

సత్యవతి నవ్వింది. "అత్తా, ఊరుకో. సార్ రాసుకుంటన్నారు."

"రాసుకోనీ. నీ పేరు కూడా చెప్పు. ఎక్కడా లేదుగా, అందులోనన్నా ఉంటది."

ఆ అమ్మాయి పేరు చెప్పింది. నా చిన్న నోటుబుక్కులో రాసుకున్నాను. మా కాగితంలో పేర్లకి చోటు ఉండదని ఆమెకి చెప్పలేదు. ఎండలో వచ్చానని చెంబుతో మంచినీళ్ళిచ్చింది. తాగి ఆఫీసు గదిలోకి వెళ్ళాను.

లెక్కల ఫైల్లో ఒక వోచరు కనపడింది. ప్రతి కార్తీకంలో సూర్యనారాయణ గారు షెడ్డు ఆడవాళ్ళని వ్యాన్లలో అన్నవరం తీసుకెళతారట. అక్కడ కొన్న ప్రసాదం పొట్లాలు డెబ్భై నాలుగు. రిజిస్టర్లో ముప్పై ఒకటి రాసిన మనిషి, సత్యనారాయణస్వామి ప్రసాదం దగ్గర మాత్రం మనిషికో పొట్లం లెక్క తప్పలేదు. నాకింకేం కావాలి? తలలు చూశాను, పొట్లాలు చూశాను. డెబ్భై నాలుగు రాసి లేచొచ్చేస్తే సరిపోయేది.

బేరం

"డెబ్భై నాలుగు రాస్తున్నానండి," అన్నాను.

సూర్యనారాయణ గారు కాఫీ గ్లాసు కింద పెట్టేశారు. "అదేంటండి! రిజిస్టర్ చూశారు కదా. ఆ మిగతావాళ్ళు మావాళ్ళు కాదండి. అత్తకి సాయంగా కోడలొస్తది, తల్లికి సాయంగా కూతురొస్తది. పొమ్మనమంటారా? అయినా అంతమందిని రాస్తే రేపు పీఎఫ్ వాళ్ళొచ్చి కూర్చుంటారు."

"ఈ కాగితం ఎవరికీ చూపించమండి. అది చట్టం. పీఎఫ్ వాళ్ళకీ కాదు, లేబర్ వాళ్ళకీ కాదు."

"చూపించరనుకోండి. కూలి మొత్తాన్ని డెబ్భై నాలుగుతో భాగించి చూడండి ఓసారి."

భాగించాను. మనిషికి వచ్చే రోజు కూలి, ప్రభుత్వం నిర్ణయించిన కనీస కూలిలో సగానికి కాస్త పైన తేలింది. ఆయన భయం అదీ. ముప్పై ఒకటితో భాగిస్తే, పొట్టు తీసే ఆడమనిషి సంపాదన మా ఆఫీసు గుమస్తా జీతాన్ని దాటిపోయింది. నా భయం ఇదీ. ప్రకాశరావు గారు ఆ కాగితాన్ని వెనక్కి తిప్పి నా వైపు జరుపుతారు. మళ్ళీ బస్సు, పంటు, ఎండ. అప్పటికి నా పెట్టెలో ఇంకా పదకొండు ఫ్యాక్టరీల కాగితాలు ఖాళీగా ఉన్నాయి.

అప్పుడు నాలో మా కొట్టు లేచి కూర్చుంది. ఏ సంఖ్యతో భాగిస్తే కూలి కనీస కూలికి ఒక్క మెట్టు పైన నిలబడుతుంది? కాగితం మూల వేసి చూశాను. నలభై ఆరు. ఆయన చట్టానికి దొరకడు, నేను ఆఫీసుకి దొరకను.

"మీ మాటా కాదు, నా మాటా కాదు. నలభై ఆరు వేసుకుందాం," అన్నాను.

"నలభై చేయండి."

"కుదరదండి. కూలి ఎక్కువ కనపడితే మావాళ్ళు అడుగుతారు."

ఆయన నా వైపు మెచ్చుకోలుగా చూశారు. "మీరు మా వ్యాపారంలోకి రావాల్సిందండి."

ఆ పొగడ్తకి పొంగిపోయాను. అబద్ధానికి, నిజానికి మధ్యలో నిలబడితే సగం నిజమైనా చెప్పినట్టే అనుకున్నాను. ఇప్పుడు ఈ పనిలో కొత్తగా చేరే పిల్లలకి చెప్పేది ఒకటే. ముప్పై ఒకటి అని రాసి ఉంటే, ఆ అంకె చూడగానే దొంగదని ఎవరికైనా తెలిసేది. నేను రాసిన నలభై ఆరుని చూసి ఎవరికీ అనుమానం రాలేదు. ప్రకాశరావు గారు కూడా సంతకం పెట్టేశారు. ఆయన కన్ను దాటించినందుకు ఆ వారం నా నడకే మారింది.

"మీరు రాసుకున్నారు కదండీ"

ఏడెనిమిది నెలలకి సత్యవతి మా ఆఫీసుకి వచ్చింది. మెట్ల దగ్గర అత్త కూర్చుంది. ముందు ఆ అమ్మాయిని గుర్తుపట్టలేదు. కుడి చేతికి మోచేతి దాకా కట్టు. బట్టీ దగ్గర మనిషి రాలేదని, వేయించిన జీడిపిక్కల గమేళా మొయ్యమన్నారట. కాగుతున్న జీడి నూనె చేతి మీద పడింది. వేళ్ళు ముడుచుకుపోయాయి. పొట్టు తీసే మనిషికి ఉన్న ఆస్తి అవే కదా.

"నష్టపరిహారం కోసం లేబర్ ఆఫీసులో అర్జీ పెట్టామండి. ఓనరు గారు నేను వాళ్ళ మనిషిని కాదన్నారంట. అత్తకి క్యారేజీ తెచ్చిందీ, కాలు జారి పడిందీ అన్నారంట. షెడ్డులో వాళ్ళు చెప్తే వాళ్ళ చీటీలు పోతాయండి. మీరు చెప్పండి సార్. మీరు వచ్చి నా పక్కనే నిలబడి, పేరు కూడా రాసుకున్నారు కదండీ."

చట్టం చెప్పాను. సర్వేలో ఏ ఫ్యాక్టరీ ఏం చెప్పిందో బయటికి చెప్పకూడదమ్మా, చెబితే ఉద్యోగం పోతుంది, కేసవుతుంది అన్నాను. ఒక్క ముక్క అబద్ధం లేదు. ఆ అమ్మాయి కట్టున్న చెయ్యి ఒళ్ళో పెట్టుకుని శ్రద్ధగా వింది.

"చెప్పొద్దులెండి," అంది చివరికి. "అందులో నేనున్నానా, అదొక్కటి చెప్పండి చాలు. నాకే చెప్పండి."

"ఆఫీసు విషయాలు చెప్పకూడదమ్మా," అన్నాను మళ్ళీ.

ఆమె లేచి ఎడం చేత్తో దణ్ణం పెట్టి వెళ్ళిపోయింది. పక్క గది గుమ్మంలోంచి ప్రకాశరావు గారు చూశారు, విన్నారు.

"చట్టం మాట సరిగ్గానే చెప్పావయ్యా. ఆ చట్టమే లేకపోతే మనకి ఒక్క గుమ్మం తెరుచుకోదు." నా బల్ల దగ్గరికి వచ్చారు. "కానీ ఆ అమ్మాయి అడిగినప్పుడు నువ్వు కళ్ళు కిందకి దించావు. చట్టం చెప్పేవాడు దించడు. ఏంటి సంగతి?"

ఏమీ లేదండి అన్నాను. నిజానికి నలభై ఆరులో ఆమె ఉందో లేదో నాకే తెలియదు, ఎందుకంటే ఆ నలభై ఆరు మనుషులు కాదు, భాగహారం. చట్టం కాపాడేది ఫ్యాక్టరీ రహస్యాన్ని. ఆ రోజు దాని వెనక దాక్కున్నది నేను.

గంట సేపు

తరవాతి నెల ఫ్యాక్టరీల జాబితా కోసం లేబర్ ఆఫీసుకి వెళ్ళాను. సత్యవతి అర్జీ విచారణ ఆ రోజే అని తెలియదు. తెలిస్తే మరో రోజు వెళ్ళేవాణ్ణి, అంత ధైర్యవంతుణ్ణి. అధికారి ముందు అత్తాకోడళ్ళు నిలబడి ఉన్నారు. సూర్యనారాయణ గారి తరఫున గుమస్తా వచ్చాడు.

నాగరత్నం చీర కొంగులోంచి ఒక కట్ట తీసి బల్ల మీద పెట్టింది. కాటా చీటీలు. ఏళ్ళ తరబడి దాచినవి.

"ఈ పైది చూడండి బాబూ. ఎన్ని కేజీలుంది?"

"పదమూడు," అన్నాడు అధికారి.

"పేరు నాదేనా?"

"నీదే."

"మరి నేనొక్కదాన్నే పదమూడు కేజీలు పొట్టు తీయగలనా? కూకుని తీసి చూపిత్తాను. చూడండి." సంచిలోంచి పొట్టు తీయని పప్పు, చిన్న కత్తి తీసి కింద పేపరు పరిచింది. అప్పుడు నన్ను చూసింది. "ఈ బాబుగారే అడిగారండి అప్పుడు, మనిషికి ఎన్ని కేజీలని. ఆరని చెప్పాను. కావాలంటే అడగండి."

అధికారి నా వైపు తిరిగాడు. "మీకు తెలుసాండీ?"

"నేను చెప్పకూడదండి," అన్నాను. నా గొంతు నాకే అచ్చేసిన కాగితం చదువుతున్నట్టు వినపడింది.

నాగరత్నం చెయ్యి ఊపేసింది. "పోనీలెండి. ఆయన ఉద్యోగం ఆయనది. బాబూ, గడియారం ఉందిగా? గంట చూడండి. అదన్నా చేయొచ్చా?"

అది చేయొచ్చు. గడియారం విప్పి బల్ల మీద పెట్టాను. ఎదురుగా కిరాణా కొట్టుకెళ్ళి కాటా, రాళ్ళు అడిగి తెచ్చాను. కాటా ఇవతలి వైపు ఆమె, అవతలి వైపు నేను. పుట్టిన దగ్గర్నుంచి కాటా పక్కనే పెరిగిన నాకు, తూకం కోసం అంతసేపు ఊపిరి బిగపట్టడం అదే మొదలు. గది అంతా కత్తి చప్పుడే. గంటకి ముప్పావు కేజీ నిండలేదు. ఎనిమిది గంటలు ఆగకుండా తీసినా ఆరు దాటదు.

"మిగతా ఏడు కేజీలు ఎవరు తీశారో ఈయన్ని చెప్పమనండి," అంది గుమస్తా వైపు చూసి.

గుమస్తా క్యారేజీ మాట మళ్ళీ ఎత్తలేదు. ప్రకాశరావు గారు బల్ల మీద చేసే భాగహారం అది. ఆమె నేల మీద కూర్చుని చేసింది. నేను అడిగిన ప్రశ్నతోనే చేసింది. జవాబు విని, రాసుకుని, నేను పక్కన పెట్టేసిన ప్రశ్న.

వైద్యానికీ, పరిహారానికీ సూర్యనారాయణ గారు ఒప్పుకోవాల్సి వచ్చింది. సత్యవతి వేళ్ళు మాత్రం పూర్తిగా సాగలేదు.

ఇద్దరు పెరిగారు

మరుసటి ఏడు మచ్చులో ఆ ఫ్యాక్టరీ మళ్ళీ వచ్చింది. షెడ్డులో మనిషికీ మనిషికీ మధ్య జాగా కనపడింది. విచారణ తరవాత సూర్యనారాయణ గారు ఒక చీటీకి ఒక్క మనిషే అని నియమం పెట్టేశారు. చెయ్యి వేగం ఉన్నవాళ్ళని పేర్లు రాసి ఉంచి, మిగిలినవాళ్ళని రావద్దన్నారు. నాగరత్నం చోటులో ఎవరో పడుచుపిల్ల ఉంది.

"ఇప్పుడంతా పద్ధతి ప్రకారమండి," అన్నారాయన. పళ్ళెం పెట్టలేదు. "నలభై ఎనిమిది మంది. లెక్కపెట్టుకోండి. ఈసారి బేరం అక్కర్లేదు."

లెక్కపెట్టాను. నలభై ఎనిమిది. నా ఉద్యోగంలో అంత శుభ్రమైన అంకె ఎప్పుడూ రాయలేదు.

ప్రకాశరావు గారు పాత కాగితం, కొత్త కాగితం పక్కపక్కన పెట్టుకున్నారు. "నలభై ఆరు, నలభై ఎనిమిది. ఇద్దరు పెరిగారు. బావుంది."

"పెరగలేదండి," అన్నాను. "ఇరవై ఆరుగురు పోయారండి."

ఆయన తలెత్తారు. "పోయినట్టు ఎక్కడుంది?"

"ఎక్కడా లేదండి."

అప్పుడు మొత్తం చెప్పాను. పొట్లాల వోచరు, భాగహారం, కాఫీతో సహా. ఆయన తిట్టలేదు. తిడితే బావుండేది. పాత కాగితం మీద తన సంతకాన్ని చాలాసేపు చూసుకున్నారు. "నువ్వు చూసింది చూసినట్టు రాసి, రిజిస్టర్లో ఉన్నది రిమార్కులో రాస్తే పైవాళ్ళు తేల్చుకునేవాళ్ళు. మధ్యలో నీ అంకె ఎవరడిగారయ్యా?" అని మాత్రం అన్నారు. ఆ ఏడాది లెక్క అప్పటికే మూసేశారు. దిద్దడానికి లేదు. కొత్త కాగితం రిమార్కుల గడిలో, నిరుటి సంఖ్య ఇన్వెస్టిగేటర్ తప్పు అనీ, అసలు డెబ్భై నాలుగనీ నా చేత రాయించి, కింద తనూ సంతకం పెట్టారు. దాన్ని పైన ఎవరైనా చదివారో లేదో తెలియదు. నాకు మెమో వచ్చింది. రావాల్సిందే.

ఆ తరవాత రిటైరయ్యేదాకా షెడ్డులోకి వెళ్ళకుండా ఆఫీసు గదిలోకి వెళ్ళలేదు. ముందు చేతులు చూసేవాణ్ణి, తరవాతే రిజిస్టరు. ఇది గొప్ప కాదు. ఒక మనిషి చెయ్యి కాలాక వచ్చిన బుద్ధి.

బిల్లు

కొట్టు కట్టేసే ముందు మా నాన్న ఆ రోజు లెక్క పైకి చదివేవాడు. తప్పు తనదైతే ఇంకాస్త గట్టిగా చదివేవాడు. అలాగే చదువుతున్నాను.

రికార్డు ప్రకారం ఆ ఫ్యాక్టరీలో మొదటి ఏడు నలభై ఆరు మంది, రెండో ఏడు నలభై ఎనిమిది. పని ఇద్దరికి పెరిగింది. జరిగింది వేరు. డెబ్భై నాలుగు ఉన్నవాళ్ళు నలభై ఎనిమిదయ్యారు. ఇరవై ఆరుగురి కూలి పోయింది. వాళ్ళని తీసేసింది నేను కాదు. వాళ్ళు ఉన్నట్టు నేను రాయలేదు కాబట్టి, పోయినట్టు ఏ పుస్తకమూ చెప్పలేకపోయింది. ఆ ఫ్యాక్టరీ ఏయే ఫ్యాక్టరీల తరఫున మచ్చయిందో, అక్కడ నా తప్పు ఎన్ని రెట్లయిందో నాకు తెలియదు. తెలియనిది వేయకుండా బిల్లు తగ్గించి చూపిస్తున్నానని మాత్రం తెలుసు.

జమ వైపు రాసుకోవడానికి ఒక గంట ఉంది. గడియారం చూసిన గంట. అది కూడా నాగరత్నం అడిగితే ఇచ్చిందే.

ఖర్చు వైపు, ఆ కాఫీ దగ్గర నేను కొట్టేసినవాళ్ళు ఇరవై ఎనిమిది మంది. అందులో నా నోటుబుక్కులో ఉన్నది ఒక్క పేరు, సత్యవతి. మిగతా ఇరవై ఏడుగురి పేర్లు నేను అడగలేదు.